వానకార్తెల సామెతలు: అర్థనిర్ణయ సమస్య

తెలుగు సామెతల సేకరణకు దీర్ఘమైన చరిత్ర కలదు. 1868లో కెప్టెన్ కార్ 'ఆంధ్రలోకోక్తి చంద్రిక'ను ప్రకటించిన నాటినుండి ఎన్నో సంకలనములు వెలువడినవి. విశ్వవిద్యాలయములలో జానపద వాఙ్మయ పరిశోధనకు గౌరవస్థానము లభించినది. కాని సేకరణ జరిగినంతగా అర్థవిచారము జరుగలేదు. సామెత కనబడినచోట దానికి ఒక వాక్యములో తాత్పర్యము వ్రాసి ముందుకు సాగిపోవుట మనకు అలవాటైనది. ఈ అలవాటు వలన ఎక్కువ నష్టము పొందిన శాఖ వానకార్తెల సామెతలది. ఒకరు వీనిని మూఢవిశ్వాసములని త్రోసివేయుదురు. మరియొకరు పూర్వుల వాతావరణ శాస్త్రమని కీర్తింతురు. ఇరువురును ఈ సామెతలన్నియు జోస్యములే యని ముందుగా ఒప్పుకొని వాదమునకు దిగుచున్నారు. ఆ ఒప్పుకోలును పరీక్షించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారమునకు ప్రేరణ నా తరగతి గదిలోనే కలిగినది. కొన్ని సంవత్సరముల క్రిందట జానపద సాహిత్యమును బోధించుచు 'ఉత్తర చూసి ఎత్తర గంప' అను సామెతను వివరించితిని. ఉత్తర కార్తెలో వాన చూచుకొని విత్తనాల గంప నెత్తుమని దీని భావమని చెప్పితిని. నాకది సహజమైన అర్థముగా తోచినది. అనంతపురము జిల్లానుండి వచ్చిన ఒక విద్యార్థిని లేచి, "సార్, అది విత్తనాల గంప కాదు. మా అవ్వ ఆ మాట అంటే ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. చట్టీ కుండా సర్దుకొని ఊరు విడిచిపోయే గంప అది" అన్నది. ఆనాడు నావద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. ఆమె చెప్పిన అర్థమే పెక్కుమంది రైతుల వాడుకలో నున్నదని తరువాత తెలిసికొంటిని. నా పొరపాటు కేవలము ఒక పదమునకు సంబంధించినది కాదు. ఆ మాట ఎవరు, ఎక్కడ, ఏ యవస్థలో పలుకుదురో విచారింపకయే అర్థము చెప్ప సాహసించితిని.

కార్తె స్వరూపము

సూర్యుడు ఒక్కొక్క నక్షత్రభాగమున సంచరించు కాలమునకు కార్తె యని పేరు. రాశిచక్రము ఇరువదియేడు భాగములైనందున ఒక్కొక్క కార్తె పదుమూడు, పదునాలుగు దినములు నడచును. తిథులు చంద్రుని ననుసరించుటచే ఏటేట ముందువెనుకలగును. కార్తెలు సూర్యుని ననుసరించుటచే ఇంచుమించు అవే తేదీలలో వచ్చును. రోహిణి మే 24, 25 తేదీలలోను, మృగశిర జూన్ 7, 8 తేదీలలోను, ఆరుద్ర జూన్ 21, 22 తేదీలలోను ప్రవేశించును. మఖ ఆగస్టు నడుమను, ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతమునను, స్వాతి అక్టోబరు 23, 24 తేదీలలోను, విశాఖ నవంబరు 6 ప్రాంతమునను వచ్చును. అధికమాసములతో జరుగు చాంద్రమానము సేద్యమునకు చాలదని గ్రహించి రైతు ఈ సౌరమానమును ఆశ్రయించినాడు. నైరృతి ఋతుపవనములు తెలుగునేలను తాకు కాలమును మృగశిర ప్రవేశమును సాధారణముగా దగ్గరదగ్గరగా నుండుట గమనింపదగినది.

రైతుభాషలో అదను, పదును అను రెండు మాటలు కలవు. అదను కాలమునకు, పదును నేలలోని తడికి సంబంధించినవి. కార్తె అదనును మాత్రమే చెప్పగలదు. పదును ఆ యేటి వాన యిచ్చునది. ఈ రెండును కలిసిన దినమే విత్తుదినము. కార్తె సామెతలలో పెక్కింటికి ఈ రెంటి పొందికయే, లేక పొందిక లేమియే, విషయము.

శాస్త్రగ్రంథములు అడిగిన ప్రశ్న

సామెతల విశేషము తెలియవలెనన్న వానిని శాస్త్రగ్రంథములతో పోల్చి చూడవలెను. కౌటిలీయార్థశాస్త్రము కోష్ఠాగారమున వర్షమానపాత్ర నుంచవలెనని విధించి, ఆయా దేశములకు తగిన వర్షపరిమాణమును చెప్పినది. అందు పేర్కొన్న అశ్మకము గోదావరీ పరీవాహక ప్రాంతమున నుండిన దేశము. నాలుగు వర్షమాసములలో మొదటి, చివరి మాసములందు మూడవవంతును, నడిమి రెండు మాసములందు మిగిలిన రెండువంతులును కురిసిన మంచి యేడని ఆ గ్రంథము నిర్ణయించినది. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దమున బృహత్సంహితలో మేఘగర్భములను గూర్చి, అవి 195 దినములకు ప్రసవించుటను గూర్చి, చీమలు గ్రుడ్లను మోసికొనిపోవుట, పాములు చెట్లెక్కుట వంటి సద్యోవృష్టి లక్షణములను గూర్చి వేర్వేరుగ అధ్యాయములు వ్రాసినాడు. కృషిపరాశరము పుష్యమాసమును రెండున్నర దినముల చొప్పున పండ్రెండు భాగములు చేసి, ఆయా దినముల గాలిని బట్టి పండ్రెండు నెలల వానను ఊహింపుమన్నది. కన్నడమున సుమారు 1300 ప్రాంతమున రట్టకవి వర్షము, మెరుపు, భూకంపము, శకునములు మున్నగు విషయములపై రట్టమతమును రచించగా, పదునాలుగవ శతాబ్దమున భాస్కరుడను కవి దానిని తెనిగించినాడు. తెలుగులో వర్షవిజ్ఞానము గ్రంథస్థమగుటకు ఇది ప్రాచీనమైన నిదర్శనము. మన సాహిత్యచరిత్రలు దీనికి తగిన స్థలము నీయలేదు.

ఉగాదినాటి పంచాంగశ్రవణము ఈ శాస్త్రపరంపరకు ప్రజలలో మిగిలిన రూపము. సూర్యుడు ఆరుద్రలో ప్రవేశించిన వారమునకు అధిపతి యెవడో వాడే ఆ యేటి మేఘాధిపతి. వర్షమును ఇన్ని ఆఢకములని నిర్ణయించి, సముద్రమున నింత, పర్వతములపై నింత, భూమిపై నింత యని పంచుదురు. ఇందు రెండు లక్షణములు గమనింపవలెను. ఫలము ఆకాశమును చూడకయే గణితముచే లభించును. అది శ్రీకాకుళమునకును అనంతపురమునకును ఒక్కటియే.

ఈ గ్రంథములన్నియు అడిగిన ప్రశ్న యొక్కటే: ఈ యేడు వాన యెంత? పన్ను విధించు రాజునకు, ధాన్యము నిలువచేయు అధికారికి ఆ ప్రశ్న ముఖ్యము. విత్తనము చేతబట్టిన రైతు ప్రశ్న వేరు. నేడు విత్తవలెనా, ఆగవలెనా? ఏ పైరు వేయవలెను? ఇంకెంతకాలము ఎదురుచూడవచ్చును? సామెతలను ఈ ప్రశ్నల వెలుగులో చదివినప్పుడే వాని స్వభావము తేటపడును.

మూడు తెగలు

వానకార్తెల సామెతలను వాని పనినిబట్టి మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది వర్ణనము. 'రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయి' అనునది వానను చెప్పుట లేదు. ఆ కార్తె యెండ నొక చిత్రముగా నిలుపుచున్నది. 'మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది' అనునదియు నట్టిదే. దుక్కికి సిద్ధమైన రైతు సంతోషమును ఎద్దుపై నారోపించి చెప్పినది. వీనిలో సత్యాసత్యములను వెదకుట వ్యర్థము.

రెండవది జోస్యము. 'ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి' అనునది స్పష్టమైన భవిష్యత్కథనము. చంద్రునిచుట్టు వరదగుడి దూరముగానున్న వాన దగ్గరనియు, దగ్గరగానున్న వాన దూరమనియు చెప్పు సామెత మరియొకటి. ఈ రెండవదానిలో నేటి వాతావరణ శాస్త్రమునకు సరిపడు అంశము కలదు. ఎత్తైన పలుచని మేఘములలోని మంచుస్ఫటికముల వలన ఏర్పడు పెద్దవలయము ఇరువదిరెండు డిగ్రీల వ్యాసార్ధము కలది. చంద్రుని నంటియుండు చిన్న కాంతివలయము నీటిబిందువుల మేఘములవలన ఏర్పడును. అవి రెండును ఒకే వలయము దగ్గరగనో దూరముగనో జరుగుట కాదు, వేర్వేరు మేఘముల గుర్తులు. పెద్దవలయమునకు కారణమైన మేఘములు వాయుగుండములకు ముందుగా వ్యాపించుట కలదు. సామెత కర్త యీ కారణము నెరుగడు. కాని రెండు వలయములను వేరుపరచి చూచినాడు. ఆ చూపునకే మనము విలువ నీయవలెను.

మూడవది నిర్ణయము. ఇంత కాలమునకు ఇది జరుగనిచో ఇది చేయుము అని చెప్పునది. ఉత్తర సామెత యీ తెగకు చెందినది. అది రేపు వాన కురియునో లేదో చెప్పదు. ఎంతవరకు ఆశించుట వివేకమో, ఎప్పుడు ఆశ విడువవలెనో చెప్పును. మనవారు ఈ మూడవ తెగను రెండవదానిలో కలిపివేయుట చేతనే పై వాదము లన్నియు పుట్టినవి. నిర్ణయమును జోస్యముగా చదివినచో అది తప్పక విఫలమైనట్లు కనబడును. ఉత్తర దాటిన తరువాత గూడ వానలు కురిసిన యేడులు లెక్కకు మిక్కిలి. కాని ఆ వానలకు ముంగారు పైరు బ్రదుకదు. సామెత మాటాడునది ఆ పైరును గూర్చి.

ధ్వనియు, అర్థమును

ఇచ్చట సాహిత్య విమర్శకుడు మాత్రమే చేయదగిన పని యొకటి కలదు. సామెత ప్రాసపై బ్రదుకును. భరణికి ధరణి, రోహిణికి రోళ్ళు, ఆరుద్రకు ఆరు, ఉత్తరకు ఎత్తర యను మాటలు ధ్వనిచే ఆకర్షింపబడి వచ్చినవి. కావున అర్థము నిర్ణయించుటకు ముందు ధ్వని తెచ్చిన భాగమును వేరుచేసి చూడవలెను. 'అశ్విని కురిస్తే అంతా నష్టం', 'భరణి కురిస్తే ధరణి పండును' అనునవి ప్రక్కప్రక్క కార్తెల సామెతలు. ఏప్రిల్ మూడవవారమున కురిసిన వాన సర్వనాశకమై, మే మొదటివారమున కురిసినది సర్వశ్రేయస్కరమగుటకు అంతటి భేదమేమున్నది? పూతపిందెల మామిడితోటకును, వేసవిదుక్కి దున్ను చేనికిని వాన ఫలము వేరగునని సమాధానము చెప్పవచ్చును. అయినను ఈ రెంటియందు ధ్వనిపాలే అధికమని నా తలంపు. అన్ని సామెతలను శాస్త్రముచే సమర్థింపబూనుట గౌరవము కాదు, బలహీనత.

ఆరుద్ర సామెతలో మాత్రము విచిత్రమైన సంగతి కనబడును. ఆరు అను సంఖ్యను ఆరుద్ర యను పేరే తెచ్చియుండవచ్చును. అయినను లెక్కించి చూడుడు: పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర. ఆరుద్ర తరువాతి ఆరవ కార్తె ఉత్తర. ఆరుద్ర సామెత యిచ్చిన వాగ్దానము ముగియుచోటనే ఉత్తర సామెత తీర్పు చెప్పుచున్నది. ఒకటి ముంగారు ఋతువునకు తలుపు, మరియొకటి గడియ. ఈ రెంటిని ఒకరే కట్టిరని నేననను. ఒకే కాలగణనలో బ్రదికిన జనులు కట్టిరనుట మాత్రము స్పష్టము. అకారాదిక్రమమున కూర్చిన సంకలనములలో ఒకటి 'ఆ'లోను, మరియొకటి 'ఉ'లోను పడి యీ బంధము కనబడకపోయినది.

గంపయు, కొంపయు

ఉత్తర సామెతకు రెండవ పాదము కలదు: 'విశాఖ చూసి విడవర కొంప'. దీనిని కలిపి చదివియుండినచో నేను విత్తనాల గంప యని చెప్పియుండను. ఊరు విడుచుటయే రెండు పాదముల విషయమని విద్యార్థిని మాటకు ఇది బలము చేకూర్చుచున్నది. అయిన, ఒకే విషయమును రెండుమారులు చెప్పుట యెందుకు? గంప, కొంప యను ప్రాసకొరకేనా?

నాకు తోచిన సమాధానమిది. ఉత్తర సెప్టెంబరు చివరివారమున ముగియును. విశాఖ నవంబరు మొదటివారమున వచ్చును. నడుమ హస్త, చిత్త, స్వాతి యను మూడు కార్తెలు, ఇంచుమించు నలువది దినములు కలవు. ఇది ఈశాన్యపు వానలు ఆరంభమగు కాలము. నల్లరేగడి నేలలలో హింగారు జొన్న విత్తు కాలము. జొన్న తానే మాటాడి చిత్త, స్వాతి, విశాఖలలో తనకేమి కావలెనో చెప్పుకొను సామెత గూడ రైతులలో కలదు. ముంగారు పోయినను హింగారు మిగిలియున్నది. కావున ఉత్తరనాడు ఎత్తునది గంప మాత్రమే. గంప ఒక మనిషి నెత్తిన మోయగలిగినది. ఇంటివారిలో కొందరు కూలికి పోవుదురు, ఇల్లు నిలిచియుండును. విశాఖనాటికి హింగారును పోయినచో విడువవలసినది కొంప. అప్పుడు తలుపు వేసి అందరును పోవుదురు. రెండు పాదములు రెండు ఋతువుల నష్టమునకు రెండు మెట్ల నిర్ణయములు. ఇది నా యూహ. అయినను మాటల అర్థమునకు, కార్తెల కాలమునకు, పైరుల క్రమమునకు మూటికిని సరిపోవుచున్నది.

ఈ యర్థము ఏ ప్రాంతమునకు చెల్లునో గూడ విచారింపవలెను. అనంతపురమున సంవత్సర వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అందు సెప్టెంబరు మాసమే అధికవర్షము గలది. ఆ నెలయే ఎండినచో ఇక నాశించునది స్వల్పము. నెల్లూరు తీరమున అక్టోబరు, నవంబరు మాసములే ముఖ్యమైన వానకాలము. అచ్చటి రైతు ఉత్తర చూచి గంప ఎత్తనవసరము లేదు. ఉత్తర తెలంగాణమున జూలై, ఆగస్టు మాసములందే వాన ముమ్మరము. అచ్చట ఉత్తరకు ముందే ఫలితము తేలిపోవును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత గోదావరి డెల్టా రైతు చూపు కార్తెనుండి కాలువకు మరలినది. కావున ఈ సామెతను తెలుగుజాతి యుమ్మడి విజ్ఞానమని చెప్పుట సరికాదు. ఇది మెట్టసీమ మాట. మెట్టసీమ నుండి తెచ్చి, ఊరిపేరు చెరిపి, 'ఉ'కారము క్రింద నుంచితిమి. నాబోటి అధ్యాపకుడు దానికి విత్తనాల గంప అర్థము చెప్పుటకు అదియే దారి యిచ్చినది.

సామెత పట్టణము చేరిన పిదప ఏమగునో 'మఖలో పుట్టి పుబ్బలో మాడినట్లు' అను మాట చూపును. మఖలో మొలిచి, పక్షము తిరుగకముందే పుబ్బ యెండకు మాడిన పైరు దానికి మూలమై యుండవచ్చును. నేడు రెండువారములాడి పోయిన చలనచిత్రమునకును, కూలిన మంత్రివర్గమునకును దానిని వాడుచున్నాము. వాడుక విస్తరించుట తప్పు కాదు. కాని అది పైరుమాట యని నిఘంటువైనను గుర్తుంచుకొనవలెను.

ప్రామాణ్యము, దాని పరిమితి

ఈ సామెతలు నేడు ప్రమాణములా యను ప్రశ్నను తప్పించుకొనరాదు. ముందుగా అయనచలనమును గమనింపవలెను. నక్షత్రమానము ఋతువులతో పోల్చగా సుమారు డెబ్బదిరెండేండ్లకు ఒక దినము వంతున జరుగును. వరాహమిహిరుని కాలమునకును నేటికిని సుమారు మూడువారముల భేదమేర్పడినది. ఆయన యెరిగిన ఆరుద్ర నేటి ఆరుద్రకంటె అంత ముందుగా వచ్చెడిది. గ్రంథములోని వాక్యము తన్ను తాను దిద్దుకొనజాలదు. నోటిమాట అట్లు కాదు. ఫలింపని సామెతను తరువాతి తరము పలుకుట మానివేయును. మౌఖికవాఙ్మయమునకు గ్రంథముపై గల ఆధిక్యము ఇచ్చటనే కలదు.

అయితే ఆ దిద్దుబాటు నిదానముగా జరుగునది. పైరులు మాత్రము వేగముగా మారినవి. అనంతపురమున జొన్న, కొఱ్ఱల స్థానమును వేరుసెనగ ఆక్రమించినది. తెలంగాణ చెలకలలో ప్రత్తి విస్తరించినది. జొన్నకు చెప్పిన అదను ప్రత్తికి చెల్లదు. వానలును వెనుకటి తీరున పడుట లేదనుమాట రైతులందరి నోటను వినుచున్నాము. సామెతను నమ్మి విత్తుమని నేటి రైతునకు చెప్పు సాహసము ఎవ్వరికిని తగదు. వాతావరణశాఖ 1875లో ఏర్పడినది. బ్లాన్‌ఫర్డ్ 1880 తరువాతి దశకమున హిమాలయములపై మంచును చూచి ఋతుపవనములను ఊహించినాడు. అదియు మొదట ఒక గుర్తును చదువుటయే. ఆ శాఖ గూడ 2002 నాటి అనావృష్టిని ముందుగా చెప్పలేకపోయినది. భేద మేమనగా, శాస్త్రము తన వైఫల్యమును లెక్కవ్రాసి పద్ధతిని మార్చుకొన్నది. మనము సామెతల విషయమున ఆ లెక్క నెన్నడును వ్రాయలేదు. ఆరుద్ర సామెత నిజమా యను ప్రశ్నకు జిల్లాల వర్షపాతపు పట్టికలతో జవాబు వెదకవచ్చును. సాహిత్యశాఖయు వ్యవసాయశాఖయు కలిసి చేయదగిన పని యది.

మన శాఖ వెంటనే చేయదగినది వేరొకటి కలదు. సామెతను వ్రాసికొను పరిశోధక విద్యార్థి దానితోపాటు ఊరు, నేల, పైరు, నీటివసతి, చెప్పినవారి వయోవృత్తులు తప్పక వ్రాయవలెను. తాత్పర్యము అడుగుట చాలదు. ఆ మాట చివరిసారిగా ఎప్పుడు పలికితిరి, పలికి యేమి చేసితిరి యని అడుగవలెను. స్త్రీల నడుగుట మరువరాదు. విత్తనము దాచువారును, గంప మోయువారును వారే. ఆ తరమువారు తరిగిపోవుచున్నారు. పాఠము మిగిలి సందర్భము పోయిన సామెతలు మనవద్ద ఇప్పటికే వేలకొలది యున్నవి.

మరుసటి యేడు అదే సామెతను తరగతిలో చెప్పవలసివచ్చినప్పుడు, నేను అర్థము చెప్పలేదు. మెట్టసీమనుండి వచ్చినవారెవరైన ఉన్నారా యని మొదట అడిగితిని.